బ్యాక్ ఆలస్యంగా పండుతాడు

ఫార్వర్డ్ ఎవరో పదహారేళ్లకే తెలిసిపోతుంది. బ్యాక్ ఎవరో తెలియాలంటే మరో పదేళ్లు ఆగాలి. హాకీ గురించి నాకు తెలిసిన గట్టి నిజం ఇదే. దీన్ని నేర్చుకున్నది మా ఎర్రమట్టి మైదానంలో కాదు. ఉద్యోగం ముగిశాక, దూరదేశంలో, మంచు మీద ఆడే హాకీ చూస్తూ నేర్చుకున్నాను.

రాయలసీమలో కొత్తచెరువు చుట్టుపక్కల బళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. పిల్లలకు పీఈటీ సార్‌ని, వాళ్ల తాతలకు డ్రిల్లు సార్‌ని. కాలేజీ రోజుల్లో రైట్ బ్యాక్ ఆడినవాణ్ణి కాబట్టి ఏ బడికి బదిలీ అయినా నాతోపాటు హాకీ కూడా ఆ ఊరికి వెళ్లేది. మా నేల సంగతి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. వాన తక్కువ, గరుసు ఎక్కువ. కర్ర దాకా నున్నగా వచ్చిన బంతి చివరి జానెడు దూరంలో ఎగిరి మోకాలికి తగులుతుంది. అలాంటి నేల మీద పెరిగిన పిల్లలకు బంతి కంటే ముందు బంతిని తెచ్చేవాడి నడుమును, భుజాన్ని చూడటం అలవాటవుతుంది. బ్యాక్‌కు కావలసిన మొదటి విద్య అది. మా పిల్లల్లో మంచి బ్యాక్‌లు ఎక్కువగా రావడానికి అదే కారణమని ఇప్పటికీ నా నమ్మకం.

అయితే ఆ పిల్లలు డిగ్రీ చివరి ఏడాదికి వచ్చేసరికి అందరిదీ ఒకటే ప్రశ్న. "ఇంక యాడికి పోవాల సార్?" యూనివర్సిటీ జట్టులో ఆడినంతకాలం ప్రయాణ ఖర్చులు, జెర్సీ, పోటీలు అన్నీ ఉంటాయి. చివరి పరీక్ష రాసిన మర్నాటి నుంచి ఏమీ ఉండవు. మగపిల్లలు కొందరు పోలీసు ఈవెంట్స్‌కు పరుగు తీయడం మొదలుపెడతారు, కొందరు పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీకో, బెంగళూరుకో పోతారు, కొందరు ధర్మవరంలో ఇంటి మగ్గం ఎక్కుతారు. ఆడపిల్లలకు సంబంధాలు చూస్తారు. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు, బతుకుతెరువు ముందు. నన్ను బాధపెట్టేది ఒక్కటే. ఫార్వర్డ్‌లు అప్పటికే చూపించాల్సింది చూపించేసి ఉంటారు. బ్యాక్‌లు మాత్రం సరిగ్గా ఆట అర్థం కావడం మొదలైన ఏడాదే కర్ర అటక మీద పెట్టేస్తారు.

అది నాకు స్పష్టంగా కనిపించింది మ్యాడిసన్‌లో. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని అది. మా అమ్మాయి కాపురం అక్కడ. ఒక చలికాలం వాళ్లింట్లో ఉన్నాను. మెండోటా అనే పెద్ద చెరువు ఊరిని ఆనుకునే ఉంటుంది. బుక్కపట్నం చెరువు నిండినప్పుడు చూసిన కళ్లతో దాన్ని చూద్దామని పోతే, నీళ్లకు బదులు తెల్లటి నేల. దాని మీద పిల్లలు కర్రలు పట్టుకుని హాకీ ఆడుతున్నారు. "నాన్నా, ఇది నీ ఆటే" అంది మా అమ్మాయి. నా ఆట కాదు. కానీ దగ్గరి చుట్టం.

తర్వాత విస్కాన్సిన్ యూనివర్సిటీ జట్టు ఆట చూడ్డానికి కోల్ సెంటర్‌కు తీసుకెళ్లారు. కాలేజీ పిల్లల ఆటకు వేలమంది జనం, అందరూ ఎర్ర బట్టల్లో. ఐస్ హాకీలో గోల్‌కీపర్ కాక ఐదుగురు ఉంటారు. అందులో ఇద్దరు డిఫెన్స్‌మెన్, అంటే మన లెక్కలో బ్యాక్‌లు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల, దాన్ని పక్ అంటారు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, బరువు 170 గ్రాములకు మించదు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఎవరూ ఆసాంతం ఆడలేరు. ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడి బెంచీకి వస్తారు, ఆట ఆగకుండానే మరొకరు మైదానం చుట్టూ ఉన్న గోడ దూకి లోపలికి పోతారు.

జనమంతా పక్‌ని చూస్తుంటే నేను బ్యాక్‌లనే చూశాను. వాళ్లు వెనక్కి జారుతూ ఆడతారు. ఎదురుగా వచ్చేవాడు గంటకు ముప్పై, నలభై కిలోమీటర్ల వేగంతో మీదికి వస్తుంటే, ముఖం వాడి వైపు ఉంచి అంతే వేగంగా వెనక్కి జారాలి. ఇద్దరి మధ్య దూరం ఒక కర్ర పొడవు కంటే పెరగకూడదు, బొత్తిగా తగ్గిపోనూ కూడదు. పెరిగితే వాడు గోల్‌కు కొడతాడు, తగ్గితే పక్కనుంచి దాటిపోతాడు. ఆ దూరాన్ని కాపాడుకుంటూ, బెదిరిన ఎద్దుకు ఎదురు నిలబడకుండా పక్కనుంచి అదిలిస్తూ కంచె వైపు తోలినట్టు, వాణ్ణి మెల్లగా గోడ వైపు నెడతారు. గోడ దగ్గరికి చేరాక వాడికి దారి ఉండదు. అప్పుడు పక్ తీసుకుంటారు. మా ఆటలోనూ ఇదే పని. ఫార్వర్డ్‌ని వాడి ఎడమ వైపుకు, అంటే కర్రను తిరగేసి ఆడాల్సిన పక్కకు తోలి, గీత దగ్గర బంతి తీసుకోవాలి. నేను బళ్లో కొన్ని వందలసార్లు చెప్పిన పాఠం అక్కడ మంచు మీద ఎవరో గీసి చూపిస్తున్నట్టు అనిపించింది.

ఇంకో పని చూసి ఆశ్చర్యపోయాను. ఐస్ హాకీలో గోల్ వెనక కూడా ఆట ఉంటుంది. పక్ గోల్ వెనక మూలకు పోతే బ్యాక్ వీపు తిప్పి దాన్ని తేవడానికి వెళ్లాలి. వెనక నుంచి ప్రత్యర్థి తరుముకొస్తుంటాడు, పక్ అందుకోగానే పక్కనుంచి భుజంతో గుద్దే హక్కు వాడికి ఉంది. మంచి బ్యాక్ పక్ దగ్గరికి చేరేలోపే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. ఎవరు వస్తున్నారు, ఏ పక్క నుంచి, తనవాడు ఎక్కడ ఖాళీగా ఉన్నాడు, ఈ మూడూ ముందే తెలుసుకుంటాడు. పక్ కర్రకు తగిలేసరికి నిర్ణయం అయిపోయి ఉంటుంది. చూడనివాడు పక్‌ని ముందుగా అందుకుంటాడు కానీ గోడకు గుద్దుకుంటాడు. జట్టులో చిన్నవాళ్లు ఒక్కసారి చూసేవాళ్లు, లేదా అసలు చూసేవాళ్లు కాదు. పెద్దవాళ్లు రెండుసార్లు చూసేవాళ్లు. వేగంలో ఇద్దరికీ తేడా లేదు. తేడా అంతా ఆ రెండో చూపులో ఉంది. ఆ చూపు ఎవరో చెబితే రాదు, దెబ్బలు తిని, మ్యాచ్‌లు ఆడి రావాలి.

మా అల్లుడికి ఈ ఆటంటే ప్రాణం. నేను బ్యాక్‌ల గురించే అడుగుతున్నానని గమనించి, ఈ యూనివర్సిటీలో ఆడిన ఒక డిఫెన్స్‌మన్ కథ చెప్పాడు. పేరు బ్రయన్ రఫాల్‌స్కీ. 1973లో మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బార్న్‌లో పుట్టాడు. 1991 నుంచి 1995 దాకా నాలుగేళ్లు విస్కాన్సిన్‌కు ఆడాడు. చివరి ఏడాది దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లను ఎంచే ఆల్ అమెరికన్ జట్టులోకీ వచ్చాడు. అయినా ఎన్‌హెచ్‌ఎల్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు.

ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడా జట్లు కలిసి ఆడే పెద్ద లీగ్. కుర్రాళ్లను ఏటా డ్రాఫ్ట్ అనే పద్ధతిలో జట్లు వరసగా ఎంచుకుంటాయి. పద్దెనిమిదేళ్లకే మొదలవుతుంది ఆ ఎంపిక. ఇరవై దాటిన అక్కడి కుర్రాడి పేరు ఇక డ్రాఫ్ట్‌లో ఉండదు, ఏదైనా జట్టు పిలిచి ఒప్పందం చేసుకుంటేనే దారి. రఫాల్‌స్కీ పేరు ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎవరూ పిలవలేదు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. బ్యాక్ అంటే ఆరడుగుల పైన ఉండాలి, ఎదుటివాణ్ణి గోడకు నొక్కిపెట్టాలి అనుకునే కాలం అది.

ఇక్కడే అతని నిర్ణయం నాకు నచ్చింది. అమెరికాలోనే ఉండి, పెద్ద లీగ్ వాకిట్లో ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తూ కూర్చోవచ్చు. అతను స్వీడన్ వెళ్లాడు. బ్రీనాస్ జట్టుకు ఒక సీజన్ ఆడాడు. తర్వాత ఫిన్లాండ్ వెళ్లి ముందు హెచ్‌పీకే, తర్వాత హెల్సింకీ నగర జట్టు హెచ్‌ఐఎఫ్‌కే తరఫున ఆడాడు. భాష తెలియని దేశాలు, సొంత దేశపు పేపర్లలో పేరు రాని లీగ్‌లు. కానీ అక్కడ అతన్ని ఆడనిచ్చారు. ఎన్‌హెచ్‌ఎల్ మంచు మైదానం వెడల్పు 85 అడుగులైతే, యూరప్‌లో 30 మీటర్ల దాకా, అంటే దాదాపు 98 అడుగులు ఉంటుంది. అంత వెడల్పులో ఒంటి బలంతో గోడకు నొక్కడం కుదరదు. కాళ్లు, చూపు, పక్‌ని ఖచ్చితంగా అందించే చెయ్యి, ఇవి ఉన్నవాడే బ్యాక్‌గా నిలుస్తాడు. పొట్టివాడని సొంత దేశంలో వద్దన్న ఆటగాడికి ఆ వెడల్పే చదువు చెప్పింది.

1998లో హెచ్‌ఐఎఫ్‌కే ఫిన్లాండ్ ఛాంపియన్ అయింది. 1999లో ఆ లీగ్ ఆటగాళ్లు ఓటేసి తమలో మేటివాడికిచ్చే బంగారు హెల్మెట్ అతని తలకెక్కింది. అప్పుడు న్యూజెర్సీ డెవిల్స్ పిలిచింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి మ్యాచ్ ఆడేనాటికి అతనికి 26 ఏళ్లు. కాలేజీ వదిలి నాలుగేళ్లు. మొదటి సీజన్‌లోనే, 2000లో, డెవిల్స్ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. అతని పక్కన ఆడింది స్కాట్ స్టీవెన్స్, ఆ కాలంలో ఎదుటివాళ్లు పేరు వింటేనే జంకే బ్యాక్. 2003లో మళ్లీ కప్. 2007లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కు మారాడు, 2008లో మూడో కప్. 2002, 2010 వింటర్ ఒలింపిక్స్‌లో అమెరికాకు రజతాలు వచ్చినప్పుడు రెండు జట్లలోనూ ఉన్నాడు. 2010 వ్యాంకూవర్‌లో ఆ పోటీల మొత్తానికీ ఉత్తమ డిఫెన్స్‌మన్ అతనే. ఎన్‌హెచ్‌ఎల్‌లో 833 మ్యాచ్‌లు, 79 గోల్స్, 436 అసిస్ట్‌లు. 2011లో నడుము, మోకాలు సహకరించక, ఇంకా ఏడాది ఒప్పందం మిగిలి ఉండగానే గౌరవంగా తప్పుకున్నాడు.

ఈ అంకెలు విని నేను అల్లుణ్ణి అడిగింది ఒక్కటే: స్వీడన్, ఫిన్లాండ్‌లలో ఆ నాలుగేళ్లు ఎన్ని మ్యాచ్‌లు ఆడి ఉంటాడు? కాలేజీలో ఏడాదికి నలభై దరిదాపుల్లో మ్యాచ్‌లు, ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. ఎన్‌హెచ్‌ఎల్‌లో అతను ఆడిన కాలంలో సీజన్‌కు 82, ఆపైన ప్లేఆఫ్స్. యూరప్ లీగ్‌లు ఆ రెండింటికీ మధ్యలో మెట్టు. ఆ మెట్టు మీద అతను రెండో చూపు నేర్చుకున్నాడు. ఎవరూ చూడని చోట నేర్చుకున్నాడు అనడం సరికాదు. హెల్సింకీ జనం చూశారు. న్యూజెర్సీ వాళ్లు ఆలస్యంగా చూశారు, అంతే.

కాలేజీ నుంచి నేరుగా ఎగిరినవాళ్లూ ఉన్నారు. మసాచుసెట్స్ యూనివర్సిటీ డిఫెన్స్‌మన్ కేల్ మకార్ 2019 ఏప్రిల్ 12న కాలేజీ హాకీలో అత్యున్నతమైన హోబీ బేకర్ అవార్డు అందుకున్నాడు. 13న జాతీయ ఫైనల్లో ఓడిపోయాడు. 15న కొలరాడో తరఫున ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో తొలి మ్యాచ్ ఆడి గోల్ కొట్టాడు. 2022లో లీగ్ ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ, స్టాన్లీ కప్, రెండూ అతనివే. అలాంటివాళ్లు తరానికి ఒకరో ఇద్దరో వస్తారు. వాళ్లను చూసి మిగతావాళ్లకు గడువు పెట్టకూడదు. విస్కాన్సిన్‌కే ఆడిన మరో బ్యాక్ క్రిస్ చెలియోస్ 48 ఏళ్ల వయసులో 2010లో చివరి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడాడు. డెట్రాయిట్‌లో రఫాల్‌స్కీ జోడీ, స్వీడన్ వాడైన నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ 41 ఏళ్లకు నోరిస్ ట్రోఫీ గెలిచాడు. ముందు ఆడేవాడికి కాళ్లు తగ్గితే ఆట తగ్గుతుంది. వెనక ఆడేవాడికి చూపు పెరిగితే ఆట పెరుగుతుంది.

ఎందుకిలా అని చాలా ఆలోచించాను. ఫార్వర్డ్ పదిసార్లు ప్రయత్నించి తొమ్మిదిసార్లు బంతి పోగొట్టుకున్నా పదోసారి గోల్ కొడితే హీరో. బ్యాక్ పదిసార్లలో ఒక్కసారి తప్పితే అది గోల్. అందుకే కోచ్‌లు కుర్ర బ్యాక్‌ను నమ్మరు, నమ్మకపోతే ఆడనివ్వరు, ఆడనివ్వకపోతే వాడికి రెండో చూపు రాదు. ఈ చిక్కుముడి విప్పాలంటే ఎక్కడో ఒకచోట వాణ్ణి ఆడనిచ్చేవాళ్లు ఉండాలి. ఫిన్లాండ్ ఆ పని చేసింది. మన దగ్గర ఎవరు చేశారని చూస్తే నాకు ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా కనిపిస్తుంది.

సుందర్‌గఢ్‌లో సౌనామరా అనే పల్లె ఉంది. దిలీప్ తిర్కీ ఆ ఊరివాడు. ఫుల్ బ్యాక్. 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, 2004 ఏథెన్స్, మూడు ఒలింపిక్స్ ఆడాడు, ఏథెన్స్‌లో కెప్టెన్. దేశం తరఫున నాలుగు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడిన మనిషి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. టోక్యోలో, ప్యారిస్‌లో కాంస్యాలు గెలిచిన జట్ల బ్యాక్ అమిత్ రోహిదాస్‌దీ అదే పల్లె. రియో, టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల జట్టుకు వెనక కాపలాగా నిలిచిన దీప్ గ్రేస్ ఎక్కాదీ ఆ జిల్లానే. ఒకే నేల ఇంతమంది బ్యాక్‌లను ఇవ్వడం యాదృచ్ఛికం కాదు. ఆ జిల్లాలోని రూర్కెలాలో పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్ ఉంది. పల్లెల నుంచి పిల్లలను తెచ్చి, అన్నం పెట్టి, ఏళ్ల తరబడి రోజూ ఆడించింది. ఆట ఆగిపోయే సందు లేకుండా చేసింది. మన అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో నెలకొల్పిన ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ వారి స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లలకు హాకీ నేర్పిస్తున్నారని నేను గర్వంగా చెబుతుంటాను. నేర్చుకున్న పిల్ల ఇరవై ఒకటో ఏట ఎక్కడ ఆడాలన్నదే మిగిలిన పని.

మన రాయలసీమ బిడ్డ ఒకామె ఈ పాఠాన్ని బతికి చూపించింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎనుమలవారిపల్లికి చెందిన ఏతిమర్పు రజని. ఆమె బ్యాక్ కాదు, గోల్‌కీపర్. బ్యాక్‌ల వెనక నిలబడే బ్యాక్ అంటాను నేను. అందరికంటే చివర నిలబడి, తప్పు చేస్తే అందరికంటే ముందు మాట పడే స్థానం అది. ఆమె కాలంలోనే సవితా పూనియా ప్రపంచంలోని మేటి గోల్‌కీపర్లలో ఒకరు. గోల్ ముందు ఒక్కరికే చోటు. 36 ఏళ్ల తర్వాత భారత మహిళల హాకీ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లిన 2016 రియోలో రజని రిజర్వ్ గోల్‌కీపర్. 2017 ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన జట్టులో, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆమె ఉంది. చాలా పెద్ద మ్యాచ్‌ల్లో గోల్ ముందు నిలబడింది సవిత. రజని ప్రతి ఉదయం ప్యాడ్లు కట్టుకుని, అవసరమైతే ఈరోజే దిగాలన్నట్టు సాధన చేసింది.

2024 జనవరిలో మస్కట్‌లో, జట్టుకు ఐదుగురు ఆడే హాకీ ఫైవ్స్ తొలి ప్రపంచకప్ జరిగింది. భారత మహిళల జట్టుకు కెప్టెన్ రజని. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు. జట్టు ఫైనల్ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతంతో తిరిగొచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లకు "ఇంక చాలు, పెళ్లి చేసుకో" అని ఎవరైనా ఆమెను ఆపి ఉంటే ఆ కెప్టెన్ మనకు ఉండేది కాదు. ఈ మాట నేను మా ఊళ్లో ఆడపిల్లల తల్లులతో చాలాసార్లు చెప్పాను. కొందరు విన్నారు.

ఆడపిల్లలకు ఈ దారి ఈమధ్యే తెరుచుకుంది. అమెరికా, కెనడాలలో కాలేజీ ముగించిన అమ్మాయిలకు పీడబ్ల్యూహెచ్‌ఎల్ అనే వృత్తి లీగ్ 2024 జనవరి 1న మొదలైంది. మన దేశంలో మహిళల హాకీ ఇండియా లీగ్ 2025 జనవరిలో రాంచీలో మొదలైంది, నాలుగు జట్లతో. ఒడిశా వారియర్స్ తొలి టైటిల్ గెలిచింది. మగవాళ్ల లీగ్ 2017 తర్వాత ఆగిపోయి, మళ్లీ 2024 డిసెంబర్‌లో మొదలైంది. హైదరాబాద్ పేరుతో తూఫాన్స్ జట్టు వచ్చి ఆ సీజన్ ఫైనల్ దాకా వెళ్లింది. తలుపులు ఉన్నాయి. ఆ తలుపుల దాకా చేరే లోపు నాలుగైదేళ్లు పిల్లలు ఎక్కడ ఆడతారన్నదే నా దిగులు. పైనుంచి లీగ్ వస్తే సరిపోదు. కింద ఫిన్లాండ్ కావాలి.

అలాంటి చోటు మనకు మరీ దూరమూ కాదు. కర్ణాటకలోని కొడగులో 1997 నుంచి కొడవ కుటుంబాల హాకీ పండుగ జరుగుతోంది. ఒక్కో జట్టు ఒక్కో ఇంటిపేరుతో దిగుతుంది. తాత, కూతురు, మనవడు ఒకే జట్టులో ఆడొచ్చు. మొదట అరవై కుటుంబాలతో మొదలై ఇప్పుడు మూడు వందలకు పైగా కుటుంబాలు దిగుతున్నాయి. అక్కడ డిగ్రీ అయిపోయిందని ఎవరూ కర్ర అటక మీద పెట్టరు. బెంగళూరులో లీగ్ పోటీలు జరుగుతాయి, ఆఫీసుల జట్లు, క్లబ్ జట్లు ఉన్నాయి. మన ప్రశాంతి నిలయం స్టేషన్ కొత్తచెరువులోనే ఉంది. రైలెక్కితే బెంగళూరు ఒక పూట ప్రయాణం. హిందూపురం పిల్లలకు ఇంకా దగ్గర.

మ్యాడిసన్ నుంచి తిరిగొచ్చాక నేను పిల్లలకు చెప్పే జవాబు మారింది. "యాడికి పోవాల సార్" అని అడిగితే, సెలెక్టర్లు ఎక్కడ కూర్చుంటారో అక్కడికి పొమ్మనను. నిన్ను పదకొండు మందిలో నిలబెట్టి మ్యాచ్ మొత్తం ఆడించేది ఎవరో వెతుక్కుని అక్కడికి పొమ్మంటాను. అది చిన్న క్లబ్ కావచ్చు, రైల్వే డివిజన్ జట్టు కావచ్చు, ఆర్మీ కావచ్చు, బెంగళూరులో ఏ మూలనో ఉన్న లీగ్ కావచ్చు. పెద్ద జట్టు బెంచీ మీద మూడేళ్లు కూర్చోవడం కంటే చిన్న జట్టులో మూడేళ్లు నిలబడి ఆడటం బ్యాక్‌కు మేలు. గోల్‌కీపర్ సంగతి వేరు. రజనిలా రెండో స్థానంలో ఉండి కూడా పండవచ్చు, ఎందుకంటే అక్కడ సాధనే సగం మ్యాచ్. బ్యాక్‌కు మ్యాచ్‌లే చదువు.

నేను నేర్పిన అబ్బాయిల్లో ఒకడు, లెఫ్ట్ బ్యాక్, ఈ మాట పట్టుకుని బెంగళూరులో పగలు ఉద్యోగం, సాయంత్రం క్లబ్‌లో ఆట అని మొదలుపెట్టాడు. మొన్న దసరాకు వచ్చినప్పుడు కుర్రాళ్లతో ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చూశాను. బంతి మూలకు పోయింది. దాని వెంట వెళ్తూ భుజం మీదుగా వెనక్కి చూశాడు. బంతి అందుకునే ముందు మళ్లీ చూశాడు. అతను భారత జట్టుకు ఆడతాడని నేను చెప్పడం లేదు. ఇప్పుడు అతను నిజమైన బ్యాక్ అయ్యాడని మాత్రం చెబుతున్నాను. కాలేజీలో ఉన్నప్పుడు కాలేదు.

కొత్తచెరువు, ధర్మవరం, పెనుకొండ, హిందూపురంలో కాలేజీలు, బళ్లు నడిపే పెద్దలకు ఒక మనవి. డిగ్రీ అయిపోయిన పిల్లలకు సాయంత్రం మీ మైదానం గేటు తెరిచి ఉంచండి. పాత విద్యార్థుల జట్టు ఒకటి కట్టించి ఏడాదికి పది మ్యాచ్‌లైనా ఆడించండి. ఊరిపెద్దలు, వ్యాపారస్తులు బంతులకు, రైలు టిక్కెట్లకు సాయం చేయండి, పెద్ద ఖర్చు కాదు. తల్లిదండ్రులకు ఇంకో మాట. మీ ఇంట్లో బ్యాక్ ఆడే పిల్ల గానీ, పిల్లాడు గానీ ఉంటే, ఉద్యోగం చేయనివ్వండి, చదవనివ్వండి, పెళ్లి కూడా చేయండి. కానీ ఇరవై ఆరేళ్లు నిండేదాకా ఆట మాత్రం మాన్పించకండి.